హైబ్రిడ్ కారుకు బ్రేక్ ప్యాడ్లు: అరుగుదల కంటే తుప్పే ఎక్కువ తినే చోట ఏవి కొనాలి, ఎట్లా బిగించాలి

బండి నలభై వేల కిలోమీటర్లు దాటింది, సర్వీసుకు ఇచ్చారు. సాయంత్రం ఫోన్ వస్తుంది: "సార్, ప్యాడ్లు మార్చెయ్యమంటరా?" మామూలు పెట్రోలు కారుకైతే సమయానికి వచ్చిన ప్రశ్నే. హైబ్రిడ్‌కు మాత్రం కిలోమీటర్ల లెక్క చూసి ఔననకండి. ఇంజన్‌తో పాటు కరెంటు మోటారూ ఉండి, ఆపే పని చాలావరకు అదే చేసే ఈ బండ్లలో ప్యాడ్ అరిగేది తక్కువ. పని లేక, తడికి తుప్పు పట్టి, దుమ్ముకు బిగుసుకుపోయి పాడయ్యేదే ఎక్కువ. ఏ ప్యాడ్ కొనాలన్నది కూడా దీన్ని బట్టే తేలుతుంది: చల్లగా ఉన్నప్పుడు బాగా పట్టాలి, ఏడెనిమిదేళ్లు తుప్పును తట్టుకోవాలి, ప్యాడ్‌ను పట్టి ఉంచే బ్రాకెట్‌లో సాఫీగా జారాలి. ఎంత వేడి తట్టుకుంటుంది, ఎంత గట్టిగా ఆపుతుంది అని పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాసే గొప్పలు మన అవసరానికి చాలా వెనక వస్తాయి.

ముందు మీది ఏ హైబ్రిడ్?

బండి వెనక హైబ్రిడ్ అని బిళ్ళ ఉన్నంత మాత్రాన ఈ లెక్కలన్నీ వర్తించవు. ఎర్టిగా, ఎక్స్‌ఎల్6, సియాజ్ లాంటి వాటిలో ఉన్నది మైల్డ్ హైబ్రిడ్. చిన్న మోటారు ఇంజన్‌కు కొంచెం చెయ్యి అందిస్తుంది, బ్రేకు వేసినప్పుడు కాస్త కరెంటు పుట్టిస్తుంది, అంతే. ఆపే పనంతా ప్యాడ్లదే. వీటికి మామూలు కారు లెక్కనే చూడండి.

టయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారాల్లో స్ట్రాంగ్ హైబ్రిడ్ రకాలు, ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్, ఇన్విక్టో, హోండా సిటీ ఈహెచ్‌ఈవీ, క్యామ్రీ హైబ్రిడ్ వేరే కథ. ఇవి మోటారుతోనే కొంత దూరం నడుస్తాయి. పెడల్ తొక్కగానే ఆ మోటారే జనరేటరై బండి వేగాన్ని కరెంటుగా మార్చి బ్యాటరీకి పంపిస్తుంది. మెత్తగా తొక్కితే ఆపే పనిలో ఎక్కువ భాగం మోటారే చేస్తుంది. ఈ వ్యాసం ఈ రెండో రకం బండ్ల కోసం.

ప్యాడ్ ఎప్పుడు పట్టుకుంటుంది?

ఐదు సందర్భాల్లో. బండి నడక వేగానికి పడిపోయి ఇక పూర్తిగా ఆగబోతున్నప్పుడు మోటారు వదిలేస్తుంది, ప్యాడ్ అందుకుంటుంది. గట్టిగా తొక్కినప్పుడు మోటారు ఒక్కదాని వల్ల కాదు కాబట్టి రెండూ కలిసి ఆపుతాయి. ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుని జారకుండా చూసే ఏర్పాటు) అందుకుంటే పని ప్యాడ్లకే వస్తుంది. గేరు న్యూట్రల్‌లో ఉంటే మోటారు కరెంటు పుట్టించదు, అంతా ప్యాడే. ఐదోది చాలామంది మర్చిపోయేది: బ్యాటరీ నిండిపోతే పుట్టిన కరెంటుకు చోటు ఉండదు, అప్పుడూ భారం ప్యాడ్ల మీదికే వస్తుంది. హైరైడర్ హైబ్రిడ్ బ్యాటరీ 0.76 కిలోవాట్ అవర్, అంటే మన ఇంటి మీటరులో ఒక్క యూనిట్ కూడా కాదు. నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ దిగుతుంటే సగం దారిలోనే అది నిండిపోవచ్చు. కాబట్టి హైబ్రిడ్‌లో ప్యాడ్ పని తక్కువ అన్నది నిజమే గానీ, పని పడిన రోజు మాత్రం ఎదురుగా బర్రె అడ్డం వచ్చిన రోజే. అప్పుడు అది తుప్పుతో బిగుసుకుని ఉండకూడదు.

మన దగ్గర తుప్పుకు అవకాశాలు బాగానే ఉన్నాయి. కాజీపేట స్టేషన్ దగ్గర బండి పెట్టి రైల్లో హైదరాబాద్ పోయి నాలుగు రోజులకు తిరిగొచ్చేసరికి, శ్రావణ మాసం ముసురులో డిస్క్ (చక్రంతో పాటు తిరిగే, ప్యాడ్లు పట్టుకునే ఇనుప పళ్ళెం) మీద ఎర్రటి పొర వస్తుంది. గోదావరిఖని, భూపాలపల్లి వైపు బొగ్గు పొడి, కరీంనగర్ గ్రానైట్ క్వారీల దారుల్లో రాతి పొడి తడితో కలిసి ముద్దయి, బ్రాకెట్‌లో ప్యాడ్ జారే చోట ఉండే రేకు క్లిప్పుల్లో చేరుతుంది. పెట్రోలు కారులోనూ చేరుతుంది. కానీ దాంట్లో ప్రతి బ్రేకుకూ ప్యాడ్ వేడెక్కి ఆ తడి ఆరిపోతుంది, రాపిడికి ఆ పొర రాలిపోతుంది. హైబ్రిడ్‌లో ఆ వేడీ లేదు, రాపిడీ లేదు.

నిజంగా మార్చాలా? కొలిచి చూడండి

కొత్త ప్యాడ్ మీద రాపిడి పదార్థం సాధారణంగా 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఉంటుంది. వెనక ఇనుప పలక ఇంకో 5, 6 మిల్లీమీటర్లు. కొలిచేటప్పుడు ఈ పలకను కలపకూడదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. పదార్థం 3 మిల్లీమీటర్లకు వస్తే కొత్తవి కొనడం మొదలుపెట్టండి. చాలా బండ్లకు కంపెనీ చెప్పే ఆఖరి హద్దు 1 మిల్లీమీటరు, అక్కడిదాకా లాగొద్దు.

చక్రం సందుల్లోంచి ఫోన్ టార్చి వేస్తే కనబడేది బయటి ప్యాడ్ ఒక్కటే. లోపలి ప్యాడ్ దాన్ని తోసే పిస్టన్ పక్కన ఉంటుంది, దాని సంగతి చక్రం తీస్తేనే తెలుస్తుంది. అందుకే చక్రం విప్పించి నాలుగు ప్యాడ్లనూ వెర్నియర్‌తో కొలిపించి, అంకెలు జాబ్ కార్డు మీద రాయించండి. ఎడమ లోపల, ఎడమ బయట, కుడి లోపల, కుడి బయట. ఈ నాలుగు అంకెలే అసలు కథ చెబుతాయి.

లోపలిదీ బయటిదీ మధ్య 2 మిల్లీమీటర్లకు మించి తేడా ఉంటే క్యాలిపర్ (పిస్టన్ ఉండి, రెండు ప్యాడ్లనూ డిస్క్‌కు నొక్కే భాగం) జారడం లేదు. లోపలిది ఎక్కువ అరిగితే క్యాలిపర్ జారే పిన్నులు బిగుసుకున్నాయి, లేదా పిస్టన్ వెనక్కి రావడం లేదు. ఒకే ప్యాడ్ ఒక చివర మందంగా, ఇంకో చివర పలుచగా ఉంటే దాని రెండు చివర్లా పొడుచుకొచ్చిన చెవులు బ్రాకెట్‌లో తుప్పుతో ఇరుక్కుపోయాయి. ఈ లోపం సరిచేయకుండా కొత్త ప్యాడ్లు వేస్తే డబ్బులు నీళ్ళపాలే, అవి కూడా అట్లాగే తినబడతాయి.

మందం బాగానే ఉన్నా మార్చాల్సిన సందర్భం ఒకటుంది. ప్యాడ్ తీసి అంచు వైపు నుంచి చూడండి. ఇనుప పలకకూ రాపిడి పదార్థానికీ మధ్య గోధుమ రంగు గీత కనబడుతుందేమో, అక్కడ గోరు దూరేంత సందు ఉందేమో చూడండి. పలక మీద తుప్పు ఉబ్బి, అతికిన పదార్థాన్ని లోపలి నుంచి లేపుతుంటుంది. పదార్థం 8 మిల్లీమీటర్లున్నా సరే, అది పారేయాల్సిన ప్యాడే. గట్టిగా బ్రేకు వేసిన రోజు ముక్క ఊడివస్తుంది. హైబ్రిడ్ ప్యాడ్లు ఏళ్ళ తరబడి ఉంటాయి కాబట్టి ఈ రోగం వాటిలో ఎక్కువ కనబడుతుంది.

చక్రం విప్పకుండానే తెలిసే గుర్తు ఇంకోటి. ఏ కారణం లేకుండా మైలేజీ తగ్గితే ఒక ప్యాడ్ డిస్క్‌ను పట్టుకునే ఉందేమో అనుమానించండి. ఇరవై నిమిషాలు నడిపి, చివర్లో గట్టి బ్రేకు వేయకుండా ఆపి, నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి దగ్గరగా పెట్టి సెగ చూడండి. డిస్క్‌ను ముట్టుకోవద్దు. ఒక చక్రం మిగతా వాటికంటే స్పష్టంగా వేడిగా ఉంటే దొరికినట్టే.

పొద్దున మొదటి రెండు మూడు బ్రేకులకు గరగరమనడం రోగం కాదు, రాత్రి మంచుకు, వానకు పట్టిన పలుచటి తుప్పు అది. పది బ్రేకుల తర్వాతా పోకపోతే అప్పుడు చూపించాలి.

డిస్క్‌ను వదిలిపెట్టకండి

ప్యాడ్ల ధ్యాసలో డిస్క్‌ను మర్చిపోతారు. డిస్క్ టోపీ భాగం (నడిమి ఎత్తు భాగం) మీద గానీ అంచు మీద గానీ కనీస మందం అంకె అచ్చు వేసి ఉంటుంది. మైక్రోమీటరుతో నాలుగైదు చోట్ల కొలిచి దాంతో పోల్చాలి. ప్యాడ్ రాసుకునే పట్టీ మీద వేలి గోటికి తగిలే గుంతలు పడితే కొత్త ప్యాడ్ వేసినా సగం చోటే పట్టుతుంది. లేత్ మీద చెక్కించవచ్చు, కానీ చెక్కిన తర్వాత కూడా కనీస మందం కంటే పైనే ఉండాలి. లేకపోతే రెండు వైపులా కొత్త డిస్కులే. ఒక వైపు మాత్రమే మార్చడం వద్దు, బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది.

సరైన నంబరు పట్టుకోవడం

దుకాణంలో "గ్రాండ్ విటారా, 1.5 పెట్రోలు, ముందు ప్యాడ్లు" అంటే సరిపోదు. ఆ బండి రెండు ఇంజన్లతో వచ్చింది, రెండూ 1.5 లీటర్లే. మైల్డ్ హైబ్రిడ్‌ది 1462 సీసీ, స్ట్రాంగ్ హైబ్రిడ్‌ది 1490 సీసీ. ఆర్సీలో సీసీ అంకె చూస్తే మీది ఏదో అక్కడికక్కడే తెలుస్తుంది. సిటీ విషయంలో ఇది ఇంకా ముదురుతుంది. మామూలు పెట్రోలు సిటీకి వెనక డ్రమ్ములు, ఈహెచ్‌ఈవీకి వెనక డిస్కులు, ఇంజన్ మాత్రం రెంటికీ 1498 సీసీయే. "సిటీకి వెనక ప్యాడ్లు ఉండవన్నా, లైనర్లు ఉంటయి" అని దుకాణదారు గట్టిగా చెబితే ఆయన తప్పు కాదు, ఆయనకు తెలిసిన సిటీ అది.

అందుకే 17 అక్షరాల ఛాసిస్ నంబరుతోనే వెతికించాలి. ఆర్సీ మీద ఉంటుంది, అద్దం కింద ఉంటుంది. కంపెనీ డీలర్ పార్ట్స్ కౌంటర్‌లో ఆ నంబరు ఇస్తే ముందు, వెనక ప్యాడ్ల పార్ట్ నంబర్లు చెబుతారు. అవి రాసుకోండి. తర్వాత బయటి బ్రాండ్ కొన్నా, ఆ బ్రాండ్ క్యాటలాగ్‌లో ఈ ఒరిజినల్ నంబరుకు ఎదురుగా ఉన్న నంబరే తీసుకోండి. హైరైడర్, గ్రాండ్ విటారా ఒకే ఫ్యాక్టరీలో, బెంగళూరు దగ్గరి బిడదిలో తయారవుతాయి; హైక్రాస్‌కు మారుతి బిళ్ళ తగిలిస్తే ఇన్విక్టో. కాబట్టి ఒక డీలర్ దగ్గర సరుకు లేకపోతే రెండో డీలర్‌నూ అడగడం మంచిది. అక్కడ పెట్టె వేరు, పార్ట్ నంబరు వేరు. ఆకారం పాత ప్యాడ్‌తో పెట్టి చూశాకే తీసుకోండి.

ఒక సెట్ అంటే నాలుగు ప్యాడ్లు, ఒక ఇరుసుకు సరిపడా. ముందు వేరు, వెనక వేరు. కుడివైపు ఒక్కటే పోయిందని రెండే అడగకండి.

ఏ పదార్థం?

మార్కెట్లో దొరికేవి ప్రధానంగా మూడు రకాలు.

సెమీ మెటాలిక్: ఇనుప నారు, లోహపు పొడి ఎక్కువ. వేడిని బాగా లాగేస్తుంది, లోడు బండ్లకు, ఎడతెగని ఘాట్లకు బాగుంటుంది. చల్లగా ఉన్నప్పుడు మొదటి పట్టు తక్కువ. ఇనుము ఉంది కాబట్టి ప్యాడే తుప్పు పడుతుంది, వాన రాత్రి నిలబెడితే డిస్క్‌కు అతుక్కుంటుంది, శబ్దం ఎక్కువ, డిస్క్‌నూ ఎక్కువ తింటుంది. హైబ్రిడ్‌కు ఇది పొసగని జోడీ. బలమైన ప్యాడ్ అని మెకానిక్ మెచ్చుకుని ఇచ్చినా తీసుకోకండి.

ఆస్బెస్టాస్ లేని ఆర్గానిక్: నారలు, రెసిన్, రబ్బరు, ఖనిజాల కలయిక. జపాన్ మూలం ఉన్న కంపెనీల కార్లకు ఎక్కువగా ఇదే వస్తుంది. చల్లగా ఉన్నా మొదటి తొక్కుడుకే పట్టుతుంది, మెత్తన, శబ్దం తక్కువ. తొందరగా అరుగుతుందన్నది దీని మీదున్న ఫిర్యాదు. హైబ్రిడ్‌లో పని సగానికి పైగా మోటారే చేస్తుంటే ఆ లోపం లెక్కలోకే రాదు.

సెరామిక్: ఆర్గానిక్ కుటుంబానిదే, ఇనుప నారుకు బదులు సెరామిక్ నారు. పొడి తక్కువ, శబ్దం తక్కువ, తుప్పు భయం తక్కువ. ధర ఎక్కువ. మోటారు మీద నడిచేటప్పుడు బండి నిశ్శబ్దంగా ఉంటుంది కాబట్టి పెట్రోలు కారులో వినబడని చిన్న కీచు కూడా హైబ్రిడ్‌లో చెవిలో పడుతుంది. ఆ బాధ లేకుండా ఉండాలంటే ఇది మేలు. పెట్టె మీద సెరామిక్ అని రాసినంత మాత్రాన నమ్మకండి. ప్యాడ్ అంచుకు అయస్కాంతం ఆనించి చూడండి, పలకకు దూరంగా, పదార్థానికి మాత్రమే. గట్టిగా అంటుకుంటే అందులో ఇనుము దండిగా ఉంది.

మా తీర్పు: కంపెనీ ప్యాడ్ దొరికితే అదే మొదటి మాట. కారణం నాణ్యత ఒక్కటే కాదు. మోటారు వదిలేసి ప్యాడ్ అందుకునే ఆఖరి క్షణంలో, ఎంత ఒత్తిడికి ఎంత ఆగుతుందన్న లెక్క ఆ బండి కంప్యూటర్‌లో ఆ ప్యాడ్‌ను బట్టే రాసి ఉంటుంది. ఎక్కువ పట్టే ప్యాడ్ వేస్తే సుబేదారి సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతిసారీ చివర్లో తల ముందుకు ఊగుతుంది. తక్కువ పట్టేది వేస్తే చివరి రెండు గజాలు బండి జారినట్టుంటుంది. కంపెనీది దొరక్కపోతే పేరున్న బ్రాండ్ ఆర్గానిక్ లేదా సెరామిక్.

అంచు మీది అక్షరాలు చదవడం

ప్యాడ్ అంచు మీద గానీ పలక వెనక గానీ తయారీదారు గుర్తు, మిశ్రమం నంబరు, చివర రెండు ఇంగ్లిష్ అక్షరాలు అచ్చు వేసి ఉంటాయి. ఈఈ, ఎఫ్‌ఎఫ్, జీఎఫ్ లాంటివి. మొదటి అక్షరం మామూలు వేడిలో రాపిడి గుణకం (ఎంత గట్టిగా పట్టుతుందో చెప్పే అంకె), రెండోది బాగా వేడెక్కినప్పటిది. ఈ (E) అంటే 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. మీ పాత కంపెనీ ప్యాడ్ మీద ఏముందో చూసి అదే జత తీసుకోండి. పాతది ఎఫ్‌ఎఫ్ అయితే కొత్తది జీజీ ఎందుకు? అది పై మెట్టేం కాదు, మీ బండి లెక్కకు సరిపడనిది మాత్రమే.

ఇక్కడొక సూక్ష్మం ఉంది. ఆ మొదటి అక్షరానికి కూడా పరీక్ష సుమారు 100 నుంచి 200 డిగ్రీల మధ్య జరుగుతుంది. పొద్దున నయీంనగర్‌లో ఇంటి ముందు నుంచి బయల్దేరిన హైబ్రిడ్ ప్యాడ్ ఆ వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది. అందుకే ఒకే ఎఫ్‌ఎఫ్ ఉన్న రెండు ప్యాడ్లు మొదటి బ్రేకుకు వేరువేరుగా పట్టొచ్చు. ఈ లోటు తీర్చే గుర్తు ఇంకోటుంది: వృత్తంలో ఇంగ్లిష్ E అక్షరం, పక్కన దేశం అంకె, 90ఆర్ తో మొదలయ్యే నంబరు. యూరప్ వాళ్ళ రెగ్యులేషన్ 90 అది. ఒరిజినల్ ప్యాడ్‌తో పోల్చి పరీక్షిస్తేనే, చల్లటి బ్రేకుతో సహా, ఇస్తారు. తేడా 15 శాతం లోపల ఉండాలి. బయటి బ్రాండ్ కొంటున్నప్పుడు ఈ గుర్తు ఉన్నది దొరికితే ఇంకేం ఆలోచించనక్కర్లేదు.

చేతిలో పట్టుకుని చూడాల్సినవి

పెట్టె విప్పించండి. పలకను తిప్పి చూడండి: నల్ల పెయింటు మాత్రమే ఉందా, కింద జింక్ పూత ఉందా? పెయింటు ఉత్తదైతే చెవుల దగ్గర గీసుకుపోయి మొదటి వానాకాలానికే తుప్పు మొదలవుతుంది. కొన్ని మంచి ప్యాడ్లలో పలక మీద చిన్న చిన్న కొక్కేలు లేపి పదార్థాన్ని వాటి మీద అదుముతారు, జిగురు వదిలినా కొక్కెం వదలదు. హైబ్రిడ్‌కు అట్లాంటిది దొరికితే ధర చూడకుండా తీసుకోవచ్చు.

నాలుగు ప్యాడ్లనూ పక్కపక్కన నిలబెట్టండి. మందం సమానంగా ఉండాలి. పదార్థం అంచులు రెండు వైపులా ఏటవాలుగా చెక్కి ఉండాలి, అది శబ్దాన్ని తగ్గిస్తుంది. వెనక షిమ్ (శబ్దాన్ని ఆపే పలుచటి రేకు) ఉందా, రబ్బరు పూతతో ఉందా? అరుగుదల చెప్పే ఇనుప నాలుక ఎన్నింటికి ఉంది? పాత సెట్‌లో రెండింటికి ఉంటే కొత్త సెట్‌లోనూ రెండింటికి ఉండాలి. పాత ప్యాడ్ మీద కొత్తది పెట్టి చెవుల వెడల్పు, పలక ఆకారం గీత గీసినట్టు కలిశాయో లేదో చూడండి. అర మిల్లీమీటరు చెవి వెడల్పు ఎక్కువున్నా బిగించేటప్పుడు ఆకురాయి పట్టి అరగదీయమంటారు, దాంతోపాటే జింక్ పూతా పోతుంది.

క్లిప్పులు సెట్‌లో వస్తే స్టీలువేనా చూడండి, రాకపోతే విడిగా కొనండి. పాత క్లిప్పుల మీదే కొత్త ప్యాడ్లు ఎక్కించడం హైబ్రిడ్‌లో చేసే అతి పెద్ద పొదుపు తప్పు.

పెట్టె మీద ఎంఆర్‌పీ, తయారైన నెల, సంవత్సరం, తయారీదారు చిరునామా, వినియోగదారుల ఫిర్యాదుకు ఫోన్ నంబరు, ఆస్బెస్టాస్ లేదన్న మాట ఉండాలి. వీటిలో ఏది లేకున్నా అనుమానించండి. నకిలీ పెట్టెల్లో అచ్చు మసకగా ఉంటుంది, పెట్టె మీది నంబరూ ప్యాడ్ మీది నంబరూ కలవవు. వరంగల్ ఆటోనగర్‌లో కొన్నా, సికింద్రాబాద్ రాణిగంజ్ నుంచి తెప్పించినా పార్ట్ నంబరు రాసిన జీఎస్టీ బిల్లు తీసుకోండి. "బిల్లు లేకుంటే తక్కువకిస్త" అంటే వద్దనండి. రేపు తేడా వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయాలన్నా ఆ కాగితమే ఆధారం.

బిగించడం: హైబ్రిడ్‌లో తేడా ఎక్కడంటే

ఇంట్లోనే చేసుకోవాలన్న ఉత్సాహం ఉన్నవాళ్ళు ఒక్కటి తేల్చుకోవాలి. మీ బండికి హ్యాండ్ బ్రేకు బటన్ రూపంలో ఉంటే వెనక క్యాలిపర్‌లో చిన్న మోటారు ఉంటుంది. బండి కంప్యూటర్‌కు తగిలించే స్కానర్‌తో మెయింటెనెన్స్ మోడ్‌లో పెట్టి వెనక్కి తిప్పాలి. సీ క్లాంపుతో (మర తిప్పి నొక్కే పనిముట్టు) బలవంతంగా నొక్కితే లోపలి స్క్రూ విరుగుతుంది, ప్యాడ్ల ఖర్చు కాస్తా క్యాలిపర్ ఖర్చవుతుంది. స్కానర్ లేని చోట వెనక ప్యాడ్లు విప్పించకండి. ముందు ప్యాడ్లకు ఈ చిక్కు లేదు, కానీ ఇంకోటుంది.

టయోటా హైబ్రిడ్లు చాలావాటిలో బ్రేకు ఒత్తిడిని ఎలక్ట్రిక్ పంపు తయారుచేసి నిలవ ఉంచుతుంది. తలుపు తీసినా, తాళం చెవి దగ్గరికి వచ్చినా ఆ పంపు గుర్రుమని మేల్కొంటుంది. క్యాలిపర్ విప్పి ఉన్నప్పుడు అది ఒత్తిడి పంపితే పిస్టన్ బయటికి తన్నుకొస్తుంది, మధ్యలో వేలుంటే నలుగుతుంది. కాబట్టి వరుస ఇట్లా:

1. చదునైన నేల మీద పెట్టి, పీ గేరులో ఉంచి, విప్పని చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు పెట్టండి. పవర్ ఆపండి. తాళం చెవిని ఇంట్లో, కనీసం ఐదారు మీటర్ల దూరంలో పెట్టండి.

2. బానెట్ తీసి 12 వోల్టుల బ్యాటరీ ఎక్కడుందో చూసుకోండి, కొన్ని బండ్లలో వెనక ఉంటుంది. రెండు నిమిషాలు ఆగి నెగటివ్ తీగ విప్పండి. సర్వీస్ మాన్యువల్ స్కానర్‌తో బ్రేకు పంపును ఆపమంటే అదే చేయాలి. పని అయ్యేదాకా ఎవరూ పెడల్ తొక్కొద్దు, తలుపులు తెరవొద్దు. నారింజ రంగు హై వోల్టేజి తీగలు ఎక్కడ కనబడినా చెయ్యి పెట్టొద్దు.

3. బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీసి మట్టం చూడండి. పిస్టన్ వెనక్కి నొక్కితే ఆయిల్ పైకి వస్తుంది. గరిష్ఠ గీత దగ్గరే ఉంటే సిరంజితో కొంచెం తీయండి. పెయింటు మీద పడితే వెంటనే నీళ్ళతో కడగండి, పెయింటును తినేస్తుంది.

4. బండిని లేపి స్టాండ్ మీద నిలిపాక చక్రం విప్పండి. జాకీ ఒక్కదాన్ని నమ్మి చక్రం లేని బండి పక్కన కూర్చోవద్దు. ఒక వైపు పని పూర్తయ్యాకే రెండో వైపు విప్పండి, ఏది ఎట్లా ఉందో చూసుకోవడానికి రెండోది ఉంటుంది.

5. కింది పిన్ను బోల్టు విప్పి క్యాలిపర్‌ను పైకి తిప్పండి. పూర్తిగా విప్పితే తీగతో వేలాడదీయండి, గొట్టం మీద బరువు పడకూడదు. ప్యాడ్లు చేత్తో రావాలి. సుత్తితో కొట్టాల్సి వచ్చిందంటే బండి ఇన్నాళ్ళు వాటిని ఈడ్చుకుంటూ తిరిగింది.

6. అసలు పని ఇక్కడుంది, తొందరపడకండి. పాత క్లిప్పులు తీయండి. వాటి కింద బ్రాకెట్ మీద తుప్పు పొరలు కట్టి ఉంటుంది. వైర్ బ్రష్‌తో, సన్నటి ఆకురాయితో మెరుపు వచ్చేదాకా గీకండి. ఆ తుప్పు అర మిల్లీమీటరు ఉన్నా క్లిప్పును లోపలికి నెట్టి ప్యాడ్‌ను బిగించేస్తుంది. దుమ్మును కంప్రెసర్ గాలితో ఊదకండి, మాస్కు పెట్టుకుని బ్రేక్ క్లీనర్‌తో తడిపి గుడ్డతో తుడవండి.

7. రెండు పిన్నులూ బయటికి లాగండి. తుప్పు మచ్చలుంటే కొత్త పిన్ను. పాత గ్రీజు పూర్తిగా తుడిచి, రబ్బరుకు హాని చేయని సిలికాన్ బ్రేక్ గ్రీజు పలుచగా పూయండి. చక్రాల బేరింగు గ్రీజు వద్దు, దానికి రబ్బరు ఉబ్బి పిన్ను ఇరుక్కుంటుంది. గ్రీజు దట్టించినా లోపల గాలి ఇరుక్కుని పిన్ను వెనక్కి తన్నుతుంది. రెండు పిన్నులు ఒకేలా లేకపోతే ఏది పైది, ఏది కిందది గుర్తుపెట్టుకోండి.

8. పాత ప్యాడ్‌ను అడ్డం పెట్టి పిస్టన్‌ను నెమ్మదిగా వెనక్కి నొక్కండి. గట్టిగా అడ్డుకుంటే ఆపేయండి, పిస్టన్‌కు తుప్పు పట్టి ఉంటుంది. బ్లీడింగ్ నిపుల్ (ఆయిల్‌లోని గాలిని బయటికి వదిలే మర) మాత్రం విప్పకండి. ఈ బండ్లలో లోపలికి గాలి పోతే స్కానర్ లేకుండా తీయడం చాలాసార్లు సాధ్యం కాదు.

9. కొత్త క్లిప్పులు, ప్యాడ్ చెవులకు, షిమ్ వెనక బియ్యపు గింజంత బ్రేక్ పేస్టు. రాపిడి ముఖానికి గానీ డిస్క్‌కు గానీ తగలకూడదు. ప్యాడ్ బ్రాకెట్‌లో వేలితో తోస్తే జారాలి. నాలుక ఉన్న ప్యాడ్ పాతది ఎక్కడుందో అక్కడే.

10. బోల్టులకు మాన్యువల్‌లో చెప్పిన బిగింపు. చక్రం నట్లు నక్షత్రం వరుసలో, టార్క్ రెంచితో. టయోటాలకు సాధారణంగా 103 న్యూటన్ మీటర్లు, హోండాలకు 108. గాలి గన్నుతో బిగదీస్తే డిస్క్ వంకర తిరుగుతుంది, నెల రోజులకు పెడల్ అదరడం మొదలవుతుంది.

తీగ తగిలించి పవర్ ఆన్ చేశాక, బండి కదపకముందే పెడల్ గట్టిపడేదాకా నెమ్మదిగా తొక్కండి. మొదటి తొక్కుడు నేలదాకా పోతుంది, పిస్టన్ ప్యాడ్‌ను అందుకోవాలి కదా. ఇది మర్చిపోయి రివర్స్ వేసి గోడకు గుద్దినవాళ్ళు ఉన్నారు. హెచ్చరిక దీపాలు ఆరాయో లేదో, ఆయిల్ మట్టం సరిపోయిందో చూడండి. ఆయిల్ మీద రెండేళ్ళు దాటితే ఇదే రోజు స్కానర్ ఉన్న చోట మార్పించండి. మూత మీద డాట్ 3 ఉంటే డాట్ 3, డాట్ 4 ఉంటే డాట్ 4. డాట్ 5 సిలికాన్ ఆయిల్, పేరు దగ్గరగా ఉన్నా, ఎప్పటికీ వద్దు.

ప్యాడ్లు సెట్ కావడం

పెట్రోలు కారులో కొత్త ప్యాడ్లు ఊళ్ళో తిరిగితేనే రెండు వందల కిలోమీటర్లలో సెట్ అవుతాయి. హైబ్రిడ్‌లో మెత్తగా తొక్కినంతసేపు మోటారే ఆపుతుంది, ప్యాడ్ డిస్క్‌ను తాకనే తాకదు. రెండు నెలలైనా సెట్ కాదు, పైపైన నున్నబడి కీచుమంటుంది. కాబట్టి పనిగట్టుకుని చేయాలి. తెల్లవారుజామున ఖాళీగా ఉన్న తిన్నటి రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్ల వేగానికి పోయి, కొంచెం గట్టిగా, ఏబీఎస్ అందుకోకుండా, 10కి తెచ్చి వదిలేయండి. పూర్తిగా ఆపొద్దు. అర నిమిషం, నిమిషం చల్లారనిచ్చి మళ్ళీ. పది సార్లు. అద్దంలో వెనక బండి లేదని ప్రతిసారీ చూసుకోండి. వరి కోతలప్పుడు రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి, ఆ దారిలో ఈ పని పెట్టుకోకండి.

న్యూట్రల్‌లో వేసి బ్రేకు తొక్కితే మోటారు తప్పుకుని ప్యాడ్లే ఆపుతాయి. వేగం 40 లోపల, తిన్నటి ఖాళీ రోడ్డు మీద, నాలుగైదు సార్లకు మించకుండా ఇది కూడా పనికొస్తుంది. వాలు మీద, ఘాట్‌లో, ట్రాఫిక్‌లో న్యూట్రల్ ముచ్చటే వద్దు. వానాకాలంలో నెలకు రెండుసార్లు ఇట్లా చేస్తే డిస్క్ మీది తుప్పు పోతూ ఉంటుంది.

బండి కడిగించాక వెంటనే షెడ్డులో పెట్టకండి. ఒక కిలోమీటరు తిప్పి నాలుగు గట్టి బ్రేకులు వేసి ఆరనివ్వండి. వారం రోజులు ఊరికి పోతుంటే, చదునైన చోట పీ గేరులో ఉంచి చక్రాలకు రాళ్ళు పెట్టి, హ్యాండ్ బ్రేకు వేయకుండా వదిలేయండి. తడిసిన ప్యాడ్ బిగించి పెడితే డిస్క్‌కు అతుక్కుంటుంది.

500 కిలోమీటర్ల తర్వాత ఒకసారి చక్రం నట్ల బిగింపు, సెగ చూపించుకోండి. ఆ తర్వాత ఏడాదికొకసారి, వానలు వెనకబట్టాక దసరా ముందు, ప్యాడ్లు బయటికి తీసి క్లిప్పుల కింద గీకించి, పిన్నులకు గ్రీజు పెట్టించి, ఆ నాలుగు అంకెలు మళ్ళీ రాయించండి. పోయినేడు కార్డు దగ్గర ఉంచుకోండి, తేడా ఎంతో కళ్ళ ముందే కనబడుతుంది.